మధ్య గీత

రాత్రి పదకొండు. కుటైసీలో వాన.
బల్ల మీద త్సియాలా గారి గల్లాపెట్టె
లోపలివన్నీ తీసేసిన కోడిలా వెల్లకిలా పడుంది.
పాత బోర్డు మాడి మసైంది, దాని ఊసు వద్దు.
మిగిలింది ఒక్క గాజు గొట్టం,
బొటనవేలంత లావు, లోపల గాలి లేదు.
కొసన వెండి మచ్చ ఇంకా మెరుస్తూనే ఉంది.
అది తెల్లబడిందంటే ఊపిరి దూరినట్టు,
ఊపిరి దూరిందంటే పోయినట్టు.
మనకి తలకిందులు.

ముందు ఫిలమెంట్.
వెంట్రుక కన్నా సన్నని తీగలు.
ఎర్రబడితే ఎక్కువైనట్టే.
నివురు కింద ఉందని తెలిసి
ఎవరూ చెయ్యి పెట్టని నిప్పంత, అంతే, చాలు.

తర్వాత ముప్పై ఓల్టులు.
ఐదు ఓల్టులతో బతికే నా మైక్రోకంట్రోలర్
అంత బరువు ఎత్తలేదు.
మధ్యలో డ్రైవర్ చిప్పొకటి పెట్టాను,
బక్కవాడి మాట దర్బారుకి వినిపించే దుబాసీలాగా.

ఇక కోడ్.
ఎనిమిది గదుల ఇంట్లో ఒక్కడే
దీపం పట్టుకుని గది గదికీ పరుగెత్తాలి.
ఎంత వేగంగా అంటే
వీధిలోంచి చూసేవాళ్ళకి
అన్ని కిటికీల్లోనూ దీపం ఉన్నట్టే ఉండాలి.
ఎక్కడో ఒక అక్షరం తప్పు రాశాను,
వాడు మూడో గదిలో నిలబడిపోయాడు.
మూడో అంకె ఒక్కటే భగ్గుమంది.
ప్లగ్గు పీకాను. చేతులు వణికాయి చాలాసేపు.

సరిచేశాక కొత్త గోల:
ప్రతి అంకె వెనకా పక్క అంకె నీడ.
ఒక తలుపు మూయకముందే ఇంకోటి తెరుస్తున్నాను.
మధ్యన కాస్త చీకటి పోశాను,
ఒక రెప్పపాటులో వెయ్యోవంతు కూడా కాదు,
నీడలు సర్దుకున్నాయి.

తెల్లవారుజామున అన్ని గదుల్లోనూ ఎనిమిది వెలిగించాను.
మార్చి నెల రియోనీ నది రంగు,
నీలమో పచ్చో తేల్చుకోలేని రంగు.
ఏడు అంకెలు బాగానే ఉన్నాయి.
ఎనిమిదో దాంట్లో
అరిగిపోయిన ఒక మసక సున్నా,
దాని నడుమ ధగధగలాడే ఒక్క అడ్డగీత.

రూబులు పోయింది, కూపన్లొచ్చాయి,
అవీ చిత్తుకాగితాలై లారి వచ్చింది.
రొట్టె ధర చివర మాత్రం ఎప్పుడూ సున్నాయే.
ఆ ఆరు గీతలూ ముప్పై ఏళ్ళు
సున్నా చుట్టీ చుట్టీ అలిసిపోయాయి.
కరెంటే లేని ఆ చలికాలాల్లో కాస్త నిద్రపోయి ఉంటాయి.
మధ్య గీతని ఎవరూ పిలవలేదు.
కొత్త పళ్ళెంలా అలాగే ఉండిపోయింది.

ఏడింటికి త్సియాలా వచ్చింది,
మోచేతుల దాకా పిండి, కొంగులో పొయ్యి వాసన.
"రెండు లైన్లు రాస్తే
దాని వెలుగూ తగ్గించేస్తాను," అన్నాను,
"మిగతావాటితో సమానంగా."
గాజు మీద వేలు పెట్టింది. పిండి అంటింది.
"పని పడకపోవడం దాని తప్పా, ఒతియా?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత:
"రొట్టె నూట యాభై తేత్రీలు కదా,
నూట నలభై ఎనిమిది చెయ్యి."
"ఆ చిల్లర ఎక్కడుంది ఇప్పుడు? ఎవరిస్తారు?"
"ఎవరూ ఇవ్వరు," అంది,
"అడిగినవాళ్ళకి ఓ ముక్క విరిచి పెడతాను."

కూలి డబ్బు సగమే ఇచ్చింది,
మిగతా సగం రొట్టెలు.
వానలో నిలబడి ఒకటి తిన్నాను, నాలుక కాలింది.
కొట్టు అద్దం లోపల
దీపం పట్టుకున్నవాడు పరుగెడుతూనే ఉన్నాడు,
చివరి గది దగ్గర మాత్రం
కొంచెం ఆగుతున్నాడేమో అనిపించింది.
ఆగడు. కోడ్ రాసింది నేనే.